సవరణ: కబ్స్, వైట్ సాక్స్ తొలి పోరు 1997లో కాదు

షికాగో బేస్‌బాల్ జట్లు కబ్స్, వైట్ సాక్స్ గురించి మొన్న రాసిన పోస్టులో, 1997కి ముందు ఈ రెండూ లెక్కలోకి వచ్చే మ్యాచ్‌లో తలపడనే లేదన్నాను. అది తప్పు. రెండూ ఆడే లీగ్‌లు వేరు కాబట్టి వాటి మధ్య మామూలు సీజన్ మ్యాచ్‌లు మొదలైంది 1997లోనే. కానీ 1906 వరల్డ్ సిరీస్, అంటే రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఫైనల్ సిరీస్, ఆడింది ఈ రెండు జట్లే!

సాక్స్ అభిమానినై ఉండి ఇది మర్చిపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. ఆ ఏడాది కబ్స్ 116 మ్యాచ్‌లు గెలిచింది. సాక్స్ బ్యాటింగ్ ఎంత బలహీనమంటే, వాళ్లని ‘హిట్లు లేని వింత జట్టు’ అనేవారు. అయినా సిరీస్ 4-2తో మనదే. చివరి రెండు మ్యాచ్‌ల్లో 8-6, 8-3తో కొట్టారు.

ఇంకొకటి. ఊరికి ఉత్తరాన కబ్స్, దక్షిణాన సాక్స్ కాబట్టి ‘ఉత్తరం, దక్షిణం గొడవ మొదటి నుంచీ ఉన్నదే’ అని ఆ పోస్టులోనే అన్నాను. అదీ సరి కాదు. అప్పట్లో కబ్స్ ఆడింది పడమటి వైపు మైదానంలో. ఉత్తరం వైపున్న ఇప్పటి మైదానం రిగ్లీ ఫీల్డ్‌కి వచ్చింది 1916లో. ఇవాళ షికాగో రెడ్ లైన్ రైల్లో నీలం టోపీల కబ్స్ అభిమానులు ఉత్తరాన ఆడిసన్ స్టేషన్‌లో, నల్ల టోపీల సాక్స్ అభిమానులు దక్షిణాన 35వ వీధి దగ్గర దిగడం చూసి, ఎప్పుడూ ఇంతే అనుకున్నాను.

పాత పోస్టులో రెండూ సరిచేశాను.