చాయ్‌కు బహిరంగ లేఖ: ఆ గోలీని ఓ గంట వదిలెయ్యి

హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా, తెల్లారకముందే పొయ్యెక్కే అల్లం చాయ్‌కు శనార్థి.

"చాయ్ పడితేగాని కడుపు కదలది" అని నీకు ఇక్కడ పెద్ద పేరు. ఆ పేరుల థైరాయిడ్‌కు రావాల్సిన వాటా నువ్వు మింగినవు. వాటాతోటి ఊకోక దాని గోలీని కూడ మింగుతున్నవు.

పేగును పని చేయించే మేస్త్రి, అదే థైరాయిడ్ గ్రంథి, మెడల కూసున్నడు. దాని హార్మోను తక్కువైతే పేగు కండరం బద్దకిస్తది, గోడల నీరు పట్టే జిగట చేరుతది. మలం ఎక్కువసేపు నిలుస్తది, దాన్ల నీళ్లను పేగు గుంజుకుంటది, మేక పెంటికల లెక్క గట్టిపడుతది. కదలిక లేని చిన్నపేగుల బ్యాక్టీరియా కాపురం పెడితే పొట్ట ఉబ్బుతది. మరీ ముదిరితే అడ్డం ఏమీ లేకున్నా పేగు అడ్డంపడ్డట్టే ఆగిపోతది. అదే హార్మోను ఎక్కువైతే తిన్నది నిలువది. దినానికి మూడు నాలుగుసార్లు పరుగు, ఎంత తిన్నా బరువు తగ్గుడే.

నమ్మకపోతే భద్రకాళి చెరువుల తోకకప్పను అడుగు. నాచు తినే దానికి పొడుగాటి పేగు సుట్టలు సుట్టుకొని ఉంటది. థైరాయిడ్ హార్మోను పెరగంగనే పాత పేగు లోపలి పొర చచ్చి కొత్తది పుడుతది. కొన్ని జాతులల్ల పేగు పొడుగు నాలుగింట మూడొంతులు తగ్గిపోతది, పురుగులు తినే కప్పకు సరిపోయే పేగైతది. 1912ల గుడర్‌నాట్ష్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రం థైరాయిడ్ తినిపిస్తే, సైజు పెరగకముందే కప్పలైనయి. పేగునే కూలగొట్టి మళ్ల కట్టే హార్మోను ముందట నీ అల్లం ముక్క ఎంత?

ఇగ నీ దొంగతనం సంగతి. లీవోథైరాక్సిన్, అదే థైరాయిడ్ గోలి. దాన్ల మందు 100 మైక్రోగ్రాములంటే గ్రాముల పదివేలో వంతు. ఖాళీ కడుపుల ఏసుకున్నా చిన్నపేగు దాన్ల 60 నుంచి 80 శాతమే గుంజుకుంటది. గోలి గొంతు దిగిందో లేదో, మీగడ తేలుతున్న స్టీలు గ్లాసుల నువ్వు దిగుతవు. వెంట చిక్కటి పాలు, పాలల్ల గోలీని ఎక్కనియ్యని కాల్షియం, సగం మునిగి మెత్తబడ్డ ఉస్మానియా బిస్కట్. గోలీని నీతోటే మింగేటోళ్లు కూడ ఉన్నరు, వాళ్లకు ఏం చెప్పాలె! పైగా గోలీల సీసా నీ పొయ్యి పక్క గూట్లెనే. నీ ఆవిరికి, మే నెల ఎండకు దాని బలం గూడ తగ్గుతది.

గోలి సరిగ ఎక్కకపాయె, పేగు మందగించె, కడుపు బిగిసె. బిగిసిన కడుపుకు మందేంది? ఇంకో గ్లాసు చాయ్. థైరాయిడ్ హార్మోను తక్కువైతే పెరిగే టీఎస్‌హెచ్ రక్తంల పెరిగిందని డాక్టరు 50 మైక్రోగ్రాముల గోలీని 75 చేస్తడు. కొన్ని వారాలు నిన్ను బంద్ జేస్తే ఆ 75 ఎక్కువై గుండె దడ, కడుపు జారుడు.

నిన్ను మానుమంటలేం. అయిదున్నరకు గోలి, మంచినీళ్లతోటి. ఆరున్నరకు నువ్వు. మరీ ఆగలేకపోతే అరగంట, అంతకు తక్కువ బేరం లేదు. కాల్షియం, ఐరన్ గోలీలు నాలుగు గంటలు ఎడం. ఇసబ్‌గోల్ కూడ దూరంగనే. గ్యాస్ గోలి, అదే పాంటోప్రజోల్, కడుపుల ఆమ్లం తగ్గిస్తది, అప్పుడు థైరాయిడ్ గోలి సరిగ కరగది. అది రోజూ వాడేటోళ్లు డాక్టరుకు చెప్పాలె. టైం మార్చినంక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోవాలె. టీ4, అంటే ఆ గోలీల ఉన్న హార్మోను, ఒంట్ల సగమయ్యేటందుకే వారం పడుతది, వారంలనే ల్యాబ్‌కు ఉరికితే పాత లెక్కే కనబడుతది.

గంట ఆగుడు కుదరదంటవా? డాక్టరును అడిగి గోలీని రాత్రికి మారుస్తం, బువ్వ తిన్న మూడు గంటలకు. అప్పుడు పొద్దుగాల నీ రాజ్యమే. కాకపోతే పండుకునే ముందు వేడి పాలగ్లాసని మీ చెల్లె ఒకామె ఉన్నది. ఆమెకు రేపు రాస్తం.