మూడు గుండ్ల గ్రూపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మూడు గుండ్ల గ్రూపు గారి సముఖమునకు,

హన్మకొండ నుంచి ఒక .315 రైఫిల్ లైసెన్సుదారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము, మా రైఫిళ్లు, మా మక్కచేన్లలో అడవి పందులు అందరం క్షేమం. ఒకే గురికి వరసగా కొట్టిన మూడు గుండ్లు కాగితం మీద చేసే చిల్లుల గుంపే తమరు కాబట్టి, తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు. కొత్త రైఫిల్ కొన్న ప్రతివాడి ఫోన్‌లోనూ పిల్లల ఫొటోలకంటే ముందు తమరే కనిపిస్తున్నారు.

మొన్న ఒక పెళ్లిలో కూడా తమరి దర్శనమైంది. విస్తరిలో పప్పుచారు పడకముందే మా బామ్మర్ది ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు. తెల్ల కాగితం, నల్ల గుండ్రం, మధ్యలో భుజాలు రాసుకుంటూ మూడు చిల్లులు, పక్కన పది రూపాయల బిళ్ల. "వంద మీటర్లు, బావా!" అన్నాడు.

బిళ్ల పెట్టడంలో లెక్క ఉంది, కాదనను. పది రూపాయల బిళ్ల వ్యాసం 27 మిల్లీమీటర్లు. వంద మీటర్ల దగ్గర ఒక మినిట్ కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, దాదాపు 29 మిల్లీమీటర్లు. చిల్లుల నడిబొడ్డులన్నీ బిళ్ల చాటుకు వచ్చేస్తే రైఫిల్ 'మినిట్ లోపల' కొడుతోందని చెప్పుకోవచ్చు. కాకపోతే దూరం కాగితం మీద అచ్చు కాదు కదా! రేంజ్‌లో యాభై మీటర్లున్నది పెళ్లి పందిట్లోకి వచ్చేసరికి వంద అవుతుంది. రాత్రి దావత్‌లో రెండో పెగ్గు దాటిందంటే రెండు వందలకూ పోతుంది. తమరు మాత్రం ఎంత దూరం జరిగినా ఒక్క మిల్లీమీటరు కూడా విచ్చుకోరు. ఏ ఫ్యాక్టరీ బ్యారెల్‌కూ లేని గుణం ఇది.

తమరి పుట్టుక చూసినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పనివ్వండి. పెద్ద రైఫిల్ పేల్చనిచ్చే రేంజ్ కోసం మేము జిల్లా దాటి పోవాలి. ఊళ్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పేచోటికి .315 పట్టుకుపోతే గోడ మిగలదు. సరే, అనుమతులు అయ్యాయి, పోయాం. ఇసుక బస్తాల మీద రైఫిల్ ముందుభాగం ఆనించి, వెనక పిడి కింద ఇంకో చిన్న బస్తా పెట్టి కూర్చోవాలి. మొదట పాతిక మీటర్ల దగ్గర కొట్టాలి, గుండు కనీసం కాగితం మీద ఎక్కడ పడుతోందో తెలియడానికి. తర్వాత వంద. గురి చూసే దుర్బీను, అదే స్కోప్‌ను ముట్టుకోకుండా మూడు కొట్టి, మూడింటి మధ్యబిందువు చూసి, అప్పుడు తిప్పాలి. తిప్పేటప్పుడు పడే ఒక్కో పావు మినిట్ క్లిక్‌కు వంద మీటర్ల దగ్గర గుండు జరిగేది ఏడు మిల్లీమీటర్లే.

మా బామ్మర్ది ఒక్కో గుండుకూ ఒక్కోసారి స్కోప్ తిప్పాడు. గుండు ఎడమకు పోతే కుడికి, కుడికి పోతే ఎడమకు. గుండ్లు అయిపోతున్నాయి, చిల్లులు మాత్రం కాగితమంతా తిరుగుతున్నాయి. స్కోప్ మౌంట్ స్క్రూ వదులైందేమోనని చూశాం, గట్టిగానే ఉంది. అప్పుడు రేంజ్‌లో ఉండే పెద్దాయన ఒకాయన రైఫిల్ తీసుకుని, అటు తిరిగి, లోడ్ చేసి ఇచ్చాడు. అందులో పెట్టింది మందులేని డమ్మీ తూటా. మావాడు గట్టిగా ఊపిరి పీల్చి ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది. ఆ టక్కుతో పాటే బ్యారెల్ జానెడు కిందికి వంగి భూమాతకు దండం పెట్టింది, మావాడి కళ్లు రెండూ మూసుకుపోయాయి. "రైఫిల్ మంచిదే బిడ్డా, నీ భుజమే భయపడుతున్నది" అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత చాలాసేపు ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ నొక్కడమే పని. అందులో తమరి ఫొటో ఏమీ రాదు కాబట్టి ఆ సంగతి పెళ్లిలో ఎవరికీ చెప్పలేదు.

ఇక తమరి నాలుగో తమ్ముడి గురించి. పాపం, ఎవరూ ఎత్తుకోని బిడ్డ! మూడూ దగ్గరగా పడగానే రైఫిల్ దించేస్తారు. పొరపాటున నాలుగోది కొట్టి అది రెండంగుళాలు పక్కకు పోయిందా, పంచాయితీ మొదలు. గాలి వచ్చింది. బ్యారెల్ వేడెక్కింది. ఆ తూటా పాతది. పక్కవాడు దగ్గాడు. బ్యారెల్ వేడెక్కడం నిజమే, పలచటి వేట బ్యారెల్ నాలుగైదు గుండ్లకే కాలుతుంది, చల్లారేదాకా ఆగాల్సిందే. అయినా అసలు సంగతి అంతకంటే చిన్నది. ఏ రైఫిలైనా గుండ్లను కొద్దో గొప్పో చెదరగొడుతుంది. ఎన్ని ఎక్కువ కొడితే ఆ చెదురు అంత బయటపడుతుంది. మూడింటికంటే ఐదింటి గ్రూపు పెద్దది, ఐదింటికంటే పదింటిది ఇంకా పెద్దది. కాబట్టి ఆ నాలుగోది తప్పిపోయిన గుండు కాదు మహాప్రభో, అది మీ ఇంటి మనిషే. తమరు బయటికి గెంటేశారు, అంతే.

గుండు ఎంపిక సంగతికి వస్తే తమరి దర్జా ఇంకోలా ఉంటుంది. అమెరికావాళ్ల వీడియోల్లో కొత్త బోల్ట్ రైఫిల్ పక్కన బల్ల నిండా డబ్బాలు. ఒకే .30-06 సైజు తూటాలో 150 గ్రెయిన్ల బరువు గుండు, 165, 180, సీసం ముక్కువి, పూర్తి రాగివి. ఒక్కో రకానికి మూడేసి కొట్టి, "నా బ్యారెల్‌కు ఇది నచ్చింది" అని తేలుస్తారు. బ్యారెల్‌కు ఇష్టాయిష్టాలుండటం అబద్ధమేం కాదు. ఒకే రైఫిల్ ఒక రకాన్ని గుంపుగా, ఇంకో రకాన్ని చెల్లాచెదురుగా కొట్టడం మామూలే. కాని మూడేసి గుండ్లతో తేల్చడమంటే ఒక్క గింజ నమిలి బస్తా ధర చెప్పడమే.

అయినా మాకెందుకు ఆ బెంగ? మా దుకాణంలో స్వయంవరానికి వచ్చేది ఒక్కడే వరుడు. ఆంగ్లేయుల కాలంలో సైన్యం వాడే .303 సామాన్యుల చేతికి రాకూడదన్నారు. సైన్యం వాడని 8 మిల్లీమీటర్ల తూటాతో .315 వచ్చింది. దొరలు పోయారు, .303 సైన్యం నుంచి తప్పుకుంది, .315 మాత్రం మా బీరువాల్లోనే ఉంది. ఐదు తూటాల మ్యాగజైన్, దాదాపు 16 గ్రాముల మెత్తటి ముక్కు గుండు, భుజం మీద గాడిద తన్ను. "ఏ కంపెనీవి ఉన్నాయి?" అని అడిగితే దుకాణదారు లైసెన్సు పుస్తకం మీంచి తల ఎత్తకుండా "ఉన్నదే ఉన్నది సార్, ఎన్ని కావాలో చెప్పుర్రి" అంటాడు. ఎన్ని కావాలన్నదీ మన చేతిలో లేదు. ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని అని లైసెన్సులోనే రాసి ఉంటుంది. కొన్నదల్లా అందులో ఎక్కుతుంది.

అలాంటి చోట గ్రూపు మీద గ్రూపు కొట్టి తమరిని అందంగా తీర్చిదిద్దడమంటే, పంద్రాగస్టు మిఠాయి అంతా రిహార్సల్‌లోనే తినేయడం. మాకున్న ఎంపికల్లా డబ్బా మీది లాట్ నంబర్, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే అంకె. ఒకే లాట్‌వి తీసుకుని, దానితోనే జీరో చేసి, అంటే గురి పెట్టినచోటే గుండు పడేలా స్కోప్ సరిచేసి, దానితోనే పనికి పోవాలి. లాట్ మారితే మందు మారొచ్చు, గుండు పడేచోటు మారొచ్చు. ఈ ముక్క ఏ వీడియోలోనూ నాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. మొక్కజొన్న రైతుకు మాత్రం తెలుసు, ఒకే పేరున్న విత్తనం ఏడాదికో తీరుగా మొలుస్తుందని.

ఇక పని అంటే ఏమిటో తమరికి తెలియాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ వచ్చాక సరదా వేట అన్నది లేదు. పంటను పాడుచేసే అడవి పందిని కొట్టే అనుమతి ఇచ్చే అధికారం 2021లో రాష్ట్ర ప్రభుత్వం సర్పంచ్‌లకు అప్పగించింది. కొట్టేది కూడా జాబితాలో పేరున్న షూటరే. ఆ ఏర్పాటులో మాంసం కూర ఊసే లేదు. ములుగు వైపు మక్క చేనులో పంది దిగిందంటే తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు పడుకుని ఉంటాయి. రైతు అర్జీ పట్టుకుని తిరగాలి. 2024 జనవరి చివర సర్పంచ్‌ల పదవీకాలం అయిపోయి కొంతకాలం ప్రత్యేకాధికారుల పాలన నడిచింది, పందులకు మాత్రం పదవీకాలం ఉండదు. ఈ తిరుగుడు భరించలేక కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. దానికి పందులతోపాటు పక్క చేను రైతులూ పోతున్నారు. ఆ తీగకు ఏ లైసెన్సూ లేదు, ఏ జీరో లేదు.

అన్ని సంతకాలూ అయి, రాత్రి మంచె ఎక్కాక తమరు ఎక్కడుంటారు? ఇసుక బస్తా ఉండదు. టార్చ్ వెలుతురులో నలభై మీటర్ల అవతల నల్లటి వీపు ఒకటి కదులుతుంది. బ్యారెల్ చల్లగా ఉంటుంది, మొదటి గుండు ఒక్కటే లెక్క. రెండోదాకా పంది ఆగదు, మూడోదాకా ఆగమని దాన్ని ఏ చట్టమూ అడగలేదు. అందుకే రేంజ్‌కు పోయిన ప్రతిసారీ చల్లటి బ్యారెల్‌తో కొట్టే మొదటి గుండును ఒకే కాగితం మీద కొడుతూ, ఆ కాగితం దాచుకోవాలంటాను. దాని పక్కన ఇంకొకటి: కూర్చుని, బస్తా లేకుండా, టిఫిన్ ప్లేటంత వృత్తంలో గుండ్లన్నీ ఎంత దూరం వరకు పడతాయో చూసుకోవాలి. ఎక్కడ ఒకటి బయట పడిందో ఆ దూరంలో ట్రిగ్గర్ ముట్టకూడదు. గాయపడ్డ పందిని చీకట్లో వెతకాల్సింది నేను, తమరు కాదు.

కాబట్టి తమరికి నా విన్నపం ఒక్కటే. ఇకమీదట ఫొటోకు నిలబడేముందు నాలుగో తమ్ముణ్ని, ఐదోవాణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. దూరం కాగితం మీదే పెన్నుతో రాయించుకోండి, లాట్ నంబర్ కూడా. మా బామ్మర్ది అలుగుతాడు, నేను సర్దిచెప్పుకుంటాను.

ఇట్లు,
తమరి ఫొటోలు చూసీ చూసీ అలసిన
ఒక లైసెన్సుదారు

తా.క.: దుకాణదారు ఇప్పుడే ఫోన్ చేశాడు. మన లాట్ అయిపోయిందట, కొత్త లాట్ దిగిందట. అంటే జీరో మళ్లీ మొదటి నుంచి. ఈ ఏడాదికి లైసెన్సులో మిగిలినవి దానికే సరిపోయేలా ఉన్నాయి. పందులకు ఎవరైనా చెప్పి పెట్టండి.