పంచాంగకర్తలకు ఒక విన్నపం: కంపెనీ నెలను గుర్తించండి

పంచాంగకర్తలైన సిద్ధాంతిగార్లకు అనంతపురం నుంచి ఒక సెల్‌ఫోన్ వినియోగదారుడు నమస్కరించి చేసుకునే మనవి. వచ్చే ఉగాదికి మీరు అచ్చు వేయించే పంచాంగంలో చాంద్రమానం, సౌరమానం పక్కన ఇంకో మానానికి కాస్త చోటివ్వాలి. దాన్ని రీఛార్జిమానం అంటారో, కంపెనీమానం అంటారో మీ ఇష్టం. జనం బతుకు ఇప్పుడు నడుస్తున్నది దాని ప్రకారమే. ఇది చైత్రమో వైశాఖమో చెప్పలేని కుర్రాడు కూడా తన ప్యాక్ ఏ తారీకున అయిపోతుందో ఠక్కున చెబుతాడు.

ఈ మానంలో నెలకు 28 రోజులు. ఎందుకు 28 అంటే శాస్త్రాధారం దొరకదు. చంద్రుడికి అమావాస్య నుంచి అమావాస్యకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు పడుతుంది. ఇరవై ఏడు నక్షత్రాలూ చుట్టి రావడానికి 27 రోజుల పైచిలుకు. సూర్యుడు ఒక్కో రాశిలో సుమారు 30 రోజులుంటాడు. వీళ్లెవరినీ సంప్రదించకుండా కంపెనీలు సొంతంగా కనిపెట్టిన నెల ఇది. మా వైపు రైతు ఒకాయన మాత్రం దీన్ని సమర్థించాడు. ఇక్కడ చెనిక్కాయ విత్తేది కార్తెలు చూసుకునే కదా, కార్తెకు పదమూడు పద్నాలుగు రోజులు. "రెండు కార్తెలు కలిపితే కంపెనీ నెల అయితాది సామీ, వాళ్లూ మన మాదిరే" అన్నాడు. తేడా ఒక్కటే. కార్తె వెళ్లిపోయినా వాన రాకపోవచ్చు, మా జిల్లాకు అది అలవాటే. ప్యాక్ అయిపోతుందన్న మెసేజ్ మాత్రం ఎన్నడూ తప్పదు. గడువుకు ముందు నుంచే మొదలవుతుంది.

ఇక అధికమాసం. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు, సౌరమానానికి 365. ఏటా తేడా వచ్చే ఆ పదకొండు రోజులను సర్దడానికి పెద్దలు దాదాపు 32, 33 నెలలకోసారి అధికమాసం పెట్టారు. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. కంపెనీలు అంతకాలం ఓపిక పట్టలేవు. 28ని పదమూడుతో హెచ్చవేస్తే 364. అంటే ఏటా ఒక అధికమాసం ఖాయం. అధికమాసంలో దానం చేస్తే పుణ్యమంటారు. ఇక్కడా దానమే జరుగుతోంది, పుచ్చుకునేవాళ్లను చూస్తేనే అనుమానం. మిగిలిన ఒక్క రోజు ఇంకా విచిత్రం. జనవరి 1న రీఛార్జి చేయించుకున్నవాడికి ఆ జనవరిలోనే 29న రెండోది వస్తుంది. పదమూడోది డిసెంబరు 30తో తీరిపోతుంది. 31 రాత్రి బంధువులకు హ్యాపీ న్యూ ఇయర్ చెప్పాలంటే పద్నాలుగోది వేయించాలి. లీపు కాని ఏడాదిలో ఫిబ్రవరి ఒక్కటే కంపెనీకీ క్యాలెండరుకూ తగాదా లేని నెల.

ఇవన్నీ లెక్కలొచ్చినవాళ్ల బాధలు. మా పెద్దమ్మకు ఇది వేరేగా అర్థమైంది. ఆమెకు రాష్ట్ర ప్రభుత్వం ఒకటో తారీకున ఇంటి దగ్గరే నాలుగు వేల పింఛను ఇస్తుంది. అందులోంచే తన బటన్ ఫోనుకు రీఛార్జి. మొదట్లో రెండూ ఒకే రోజు జరిగేవి. తర్వాత రీఛార్జి మెల్లమెల్లగా వెనక్కి జరిగి, పింఛను రాకముందే వచ్చి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టింది. అంగడి కుర్రాణ్ణి నిలదీసింది.

"నెల కాకముందే అయిపోయిందంటావేం నాయనా? మొన్న పింఛను తీసుకున్నాక కదా ఏయించుకున్న్యా?"

"అది కంపెనీ నెల అవ్వా, మన నెల కాదు."

"అయితే ఆ కంపెనీనే నాకు పింఛను ఇమ్మను."

ఆర్థికశాస్త్రం చదువుకున్నవాళ్లు ఎవరైనా దీనికి జవాబు చెప్పగలరేమో కానీ ఆ కుర్రాడు చెప్పలేకపోయాడు. పింఛన్లు పన్నెండు, రీఛార్జిలు పదమూడు. (ఇంటి ఓనర్లెవరికీ ఈ వ్యాసం చూపించొద్దని మనవి. పదమూడో అద్దె అన్న ఆలోచన వాళ్లకు ఇంకా రాలేదు.)

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనకూడదు. 2022 జనవరిలో టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ ఆదేశమిచ్చింది: ప్రతి కంపెనీ కనీసం ఒక్కో ప్లానైనా 30 రోజులకు పెట్టాలి, ప్రతి నెలా అదే తేదీన రీఛార్జి చేసుకునేది కూడా ఒకటి ఉండాలి అని. కంపెనీలు శిరసావహించాయి. కనీసం ఒకటి అన్నారు కాబట్టి ఆ ఒకటి ఉంటుంది, యాప్‌లో వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరుపుకుంటూ పోతే. పైన కనిపించేవన్నీ 28, 56, 84. ఎనభై నాలుగును మూడు నెలలంటారు అంగట్లో. ఏడాది డబ్బు ముందే కట్టే ప్లాను అడిగి చూడండి, అప్పుడు మాత్రం 365 రోజులు పూర్తిగా ఇస్తారు. అంటే సంవత్సరం ఎంతో వాళ్లకు తెలియక కాదు.

డబ్బాలోంచి వస్తువు మాయం చేయడంలో ఫోన్లు తయారుచేసేవాళ్లూ తక్కువవాళ్లేం కాదు. 2020 అక్టోబరులో ఐఫోన్ 12 వచ్చినప్పుడు ఆపిల్ ఛార్జర్ తీసేసి, పర్యావరణం కోసమని చెప్పింది. మా డబ్బాలో ఛార్జర్ ఉందోచ్ అని ఎగతాళి చేసిన శామ్‌సంగ్, నాలుగు నెలలు తిరక్కుండా తనూ తీసేసింది. ఏదైతేనేం, వాళ్లు ఒక సాకు చెప్పారు. నెలలోంచి రెండు రోజులు తీసేసినవాళ్లు అది కూడా చెప్పలేదు. సిద్ధాంతిగార్లు ఏదైనా గ్రహదోషం చూపిస్తే వాళ్ల పరువు నిలబెట్టినవాళ్లవుతారు.

ఆదాయవ్యయాల పట్టిక కూడా వేయాలి. వినియోగదారుడి రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని కళ్లు మూసుకుని రాసేయండి. పద్నాలుగెందుకో పైన చెప్పాను. రాజపూజ్యం దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. మామూలు రోజుల్లో అది కనిపించదు. కస్టమర్ కేర్‌కు చేస్తే మీ కాల్ మాకెంతో ముఖ్యమని ఒక గొంతు చెప్పి సంగీతం మొదలుపెడుతుంది, ఆ కచేరీకి మంగళం పాడేవాళ్లుండరు. అదే వేరే కంపెనీకి మారిపోతానని 1900కు పోర్టు మెసేజ్ కొట్టి చూడండి. వాళ్లే ఫోన్ చేసి, సార్ అని పిలిచి, మీ ఒక్కరికే అంటూ ఒక ఆఫర్ చెబుతారు. వదిలేసి పోయేవాడికి దక్కే గౌరవం ఉన్నవాడికి ఉండదు. నెంబరు మారకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. కానీ మారి ఎక్కడికి పోతాం? 2024 జులైలో పెద్ద ప్రైవేటు కంపెనీలు మూడూ ఒక్క రోజు తేడాలో రేట్లు పెంచాయి. గ్రహకూటమి అంటే ఇంతకన్నా ఏముంటుంది?

చివరిగా, మా పెద్దమ్మ లాంటివాళ్ల కోసం ట్రాయ్ 2024 డిసెంబరులో ఇంకో మంచి పని చేసింది. ఇంటర్నెట్ అక్కర్లేనివాళ్లకు మాటలకూ మెసేజ్‌లకూ మాత్రమే ప్యాక్ పెట్టమంది, 365 రోజుల దాకా గడువు ఇవ్వచ్చంది. మరుసటి నెలలోనే ప్యాకులు వచ్చాయి. ఒక కంపెనీ మొదట 365 రోజులకు పెట్టి, తర్వాత ధర కాస్త తగ్గించి 336 రోజులు చేసింది. 336 అంటే సరిగ్గా పన్నెండు ఇరవై ఎనిమిదులు. కంపెనీ సంవత్సరం అలా అవతరించింది.

దీనివల్ల ఒక మేలు ఉంది, దాన్ని ప్రభుత్వం దృష్టికి తేవాలి. వృద్ధాప్య పింఛనుకు అరవై ఏళ్లు నిండాలి. 336 రోజుల సంవత్సరంతో లెక్కిస్తే, మామూలు క్యాలెండరులో యాభై అయిదు దాటిన రెండు మూడు నెలలకే మనిషికి అరవై నిండుతాయి. కంపెనీల లెక్క చెల్లుతున్నప్పుడు మాది ఎందుకు చెల్లదు? సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఈ మాట అన్నానో లేదో, పక్క బెంచీ మీది ఇద్దరు దగ్గరకు జరిగారు. ఒకాయనకు యాభై ఆరట. దరఖాస్తుకు పాత రీఛార్జి రసీదులు జత చేస్తే చాలా, ఆధార్ కూడా కావాలా అని అడుగుతున్నాడు.