నారుకుళ్ళు గారికి, టంగుటూరు పొలం గట్టు నుంచి

మహారాజశ్రీ నారుకుళ్ళు తెగులు గారికి,

నిన్న పొద్దుగూకేదాకా పచ్చచాప పరిచినట్టున్న పొగాకు నారుమడిలో తెల్లారేసరికి మూడు చోట్ల తాంబాళమంత గుండ్రాలు. తమరు విచ్చేశారని అప్పుడే తెలిసింది. గుండ్రాల అంచుల్లో మీ తెల్లటి దూదిలాంటి బూజు ఇంకా ఆరనేలేదు. ఒక మొక్క పీకి చూశాను. ఆకు బాగానే ఉంది. కాడ మొదలు మాత్రం ఉడికిన తోటకూర కాడలా నీరుగారి, నడుం విరిగి పడింది.

పిలవని పేరంటానికి మీరు రారట. పిలిచింది నేనేనట! అదే నాకు మింగుడు పడటం లేదు. గట్టున పోయే ప్రతివాడిదీ ఒకటే మాట, "నీళ్ళెక్కువయ్యాయి అబ్బాయ్" అని. గింజ మొలిచేదాకా మడి ఆరకూడదు, రోజుకు ఐదారుసార్లు జల్లెడ మూతి ఉన్న రోజ్ క్యానుతో చిలకరించమన్నది వీళ్ళే. మొలిచాక తగ్గించమని కూడా చెప్పారంట. చెప్పే ఉంటారు. నేనేమో పగలంతా ఎండకు వాడిందని జాలిపడి సాయంత్రం ఆరింటికి ఇంకో రెండు క్యాన్లు పోశాను. పొద్దున పోస్తే మధ్యాహ్నానికి ఆరేది. సాయంత్రం పోసింది రాత్రంతా అలాగే ఉంది. ఆ తడిలో మీ పిల్లలు, అదే మీ సిద్ధబీజాలు, ఈదుకుంటూ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోతారట. మా చెరువులో ఈత రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది సార్!

విత్తనం సంగతీ చెప్పుకోవాలి. గ్రాముకు 10,000 గింజల పైమాటే, చదరపు మీటరుకు అర గ్రాము చాలన్నారు. ఇసుకలో కలిపి చల్లేటప్పుడు చెయ్యి ఊరుకుంటుందా? మొలవకపోతే ఎట్టా అని ఇంకో చిటికెడు. ఒత్తుగా మొలిచి గాలాడక మీకు చలవ పందిరి వేసినట్టయింది.

ఫోనులో యాప్ పొడి వాతావరణం అంది, రెండు రోజులు ముసురు పట్టింది. దానికి వేరే ఉత్తరం రాస్తాను.

మైలుతుత్తం, సున్నం లీటరుకు పదేసి గ్రాములు కలిపి బోర్డో మిశ్రమం కొట్టాను. 1880ల్లో ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో మీ చుట్టం బూజు తెగులును తరిమిన మందే. ముందే కొట్టాల్సింది. ఇప్పుడు చచ్చిన మొక్కలకు నీలం రంగు వేసినట్టయింది.

అసలు నీకు సిగ్గుందా? వానకు మొహం వాచిన జిల్లా ఇది. ఆ నాలుగు చినుకులు పడ్డా సంతోషపడనివ్వవా? పక్క పొలం మావయ్య జానెడు ఎత్తు మడి కట్టి, చుట్టూ కాలవ తీస్తే ఆయన వైపు తొంగి కూడా చూడవు. రేపు ఆయన దగ్గరే నేను నారు కొనాలి. కట్టలు లెక్కపెట్టి ఇస్తూ ఆయనా అంటాడు, "నీళ్ళెక్కువయ్యాయి అల్లుడూ" అని.

ఉంటాను. పొద్దు వాలుతోంది. మిగిలిన మొక్కలు కాస్త వాడినట్టు కనిపిస్తున్నాయి. క్యానులో ఇంకా సగం నీళ్ళున్నాయి.