పెపె అంటే ఆ నిమిషం వీడియోనేనా?

పొద్దున్నుంచి ఒళ్ళు మండిపోతోంది. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి, ఈమధ్యే ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. నిమిషం రీల్. పోర్చుగల్‌కి ఆడిన డిఫెండర్ (గోల్ పడకుండా వెనకాల అడ్డుకునేవాడు) పెపె ఒకణ్ణి తన్నడం, ఇంకొకడి మీదకి తల విసరడం, వెనకాల ఒకటే మోత. "మామయ్యా, వీడు ప్లేయరా, రౌడీయా?" అన్నాడు. వాణ్ణి ఏమనను? వాడి కంట పడిందే అది.

ఆ రీల్‌లో ఉన్నవి జరగలేదని నేను అనను. 2009లో గెటాఫెతో మ్యాచ్‌లో కింద పడి ఉన్న కాస్కెరోని తన్నాడు. 10 మ్యాచ్‌ల నిషేధం పడింది, పడాల్సిందే. 2014 ప్రపంచకప్‌లో జర్మనీ మీద తామస్ ముల్లర్‌కి తల ఆనించి రెడ్ కార్డు తెచ్చుకున్నాడు, పోర్చుగల్ 4-0తో చిత్తయింది. ఆ రోజు నేనూ తిట్టాను. కానీ బ్రెజిల్‌లో మసెయో నుంచి 18 ఏళ్ళకి సముద్రం దాటి పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవికొచ్చి, మారీతిము క్లబ్‌లో మొదలుపెట్టి, 41 ఏళ్ళ దాకా ఆడినవాడి బతుకంతా ఆ రెండు క్షణాలేనా? పోర్టో క్లబ్‌లో ఆడిన ఆట ఎక్కడికి పోయింది? 2007లో స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ అతని కోసం 3 కోట్ల యూరోలు ఊరికే పెట్టిందా? అక్కడ పదేళ్ళు ఆడి యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ మూడుసార్లు గెలిచాడే, అవి ఏ రీల్‌లోనూ ఉండవేం?

అసలు నా కడుపుమంట ఈ రీల్‌తో మొదలవలేదు. 2016లో పోర్చుగల్, ఫ్రాన్స్ ఆడిన యూరో (యూరప్ దేశాల కప్పు) ఫైనల్ నుంచి ఉంది. మనకి అర్ధరాత్రి దాటాక మొదలైంది, తెల్లవార్లూ మేలుకుని చూశాను. పారిస్ పక్కన స్టేడియం, ఊరంతా ఫ్రాన్స్ వైపే. 25వ నిమిషానికే పోర్చుగల్ కెప్టెన్ రొనాల్డో ఏడుస్తూ స్ట్రెచర్ మీద వెళ్ళిపోయాడు. ఇక అయిపోయింది అనుకున్నాను. తొడ గాయంతో సెమీఫైనల్ ఆడని పెపె అక్కడ గోడలా నిలబడ్డాడు. ఫ్రాన్స్ వాళ్ళు గ్రీజ్‌మన్, జిరూ, ఎవరొచ్చినా అడ్డం పడ్డాడు. జిన్యాక్ ఒక్కడు చివర్లో అతన్ని తిప్పేసి కొడితే బంతి పోస్టుకి తగిలింది, నా గుండె ఆగినంత పనైంది. 109వ నిమిషంలో పోర్చుగల్‌కి ఎడెర్ గోల్. విజిల్ మోగాక పెపె మైదానంలోనే వాంతి చేసుకున్నాడు, అంత ఒళ్ళు హూనం చేసుకుని ఆడాడు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కూడా అతనే. కానీ ఆ ఫైనల్ గురించి ఎవరినైనా అడగండి. గీత పక్కన నిలబడి అరిచిన రొనాల్డో గుర్తుంటాడు, గోల్ కొట్టిన ఎడెర్ గుర్తుంటాడు. నేను రొనాల్డో అభిమానినే, అయినా చెప్తున్నాను, ఇది అన్యాయం.

డిఫెండర్లందరి గతీ ఇంతే. ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ అవార్డు 2006లో ఇటలీ డిఫెండర్ కన్నవారోకి ఇచ్చారు, ఆ తర్వాత ఒక్క డిఫెండర్‌కీ రాలేదు. 2019లో డిఫెండర్ వాన్ డైక్‌కి 7 పాయింట్ల తేడాతో చేజారింది. 90 నిమిషాలు తప్పు చేయకపోతే ఎవరూ చూడరు, ఒక్క తప్పు చేస్తే జన్మంతా చూపిస్తారు. స్కూల్లో నేనూ వెనకాలే ఆడేవాణ్ణి. గెలిస్తే ముందున్నవాణ్ణి భుజాల మీద ఎత్తుకునేవాళ్ళు, ఓడితే అందరూ నా వైపే తిరిగేవాళ్ళు.

2024 యూరోలో ఫ్రాన్స్ మీద క్వార్టర్ ఫైనల్, అదే పెపె ఆఖరి మ్యాచ్. 41 ఏళ్ళ మనిషి, తనకంటే పద్నాలుగేళ్ళు చిన్నవాడైన మార్కస్ తురామ్‌తో పోటీపడి పరుగెత్తాడు. 120 నిమిషాలూ గోల్ పడనివ్వలేదు. పెనాల్టీల్లో పోయింది. రొనాల్డో భుజం మీద తల పెట్టి ఏడ్చాడు, ఇక్కడ నేనూ ఏడ్చాను.

ఈ ఆదివారం మావాణ్ణి కూర్చోబెట్టి 2016 ఫైనల్ మొత్తం చూపిస్తాను. బంతి ఎక్కడున్నా సరే, పెపె 3వ నంబర్ చొక్కానే చూడమంటాను.