ఎనిమిదిన్నర దాకా అది వాన కాదు

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి జనానికి వాతావరణం మీద బొత్తిగా అవగాహన లేదు. చెమట పడితే ఎండంటారు, తడిస్తే వానంటారు. వాతావరణ శాఖ రిజిస్టర్లో ఏం రాసుందో చూసి మాట్లాడేవాడు ఊళ్ళో ఒక్కడూ కనబడడు. చైత్రం మొదటి వారంలో జరిగిన గందరగోళానికంతటికీ ఇదే కారణమని నా నిశ్చితాభిప్రాయం.

సోమవారం సంగతే చూడండి. పొద్దున్న పదికే బజార్లో కుక్క కూడా లేదు. "వడగాడ్పు బాబూ" అని చెరుకురసం బండాయన తీర్పు చెప్పేశాడు. ఆయనకా అధికారం ఎవరిచ్చారు? వాతావరణ శాఖ లెక్కలో వడగాడ్పు అనిపించుకోవాలంటే మైదానంలో కనీసం 40 డిగ్రీలు ఉండాలి, సముద్ర తీరంలో 37, కొండ ప్రాంతంలో 30. అదీ చాలదు, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ కావాలి. మాది మైదానమా అంటే చుట్టూ కొండలే. కొండ ప్రాంతమా అంటే ఊరు చదునుగా ఉంది. సముద్రం కనబడదు గాని, దాని ఉక్క మాత్రం సాయంత్రానికి చొక్కాని వీపుకి అతికించేస్తుంది. ఈ మూడింట్లో మాదేదో తేలేదాకా చెమట తుడుచుకోవడం తొందరపాటు.

మంగళవారం తెల్లారి పొగమంచు. దుప్పటి కప్పుకున్నవాళ్ళే ఎనిమిదికి ఫ్యాను వేశారు. అంతే, దాని గురించి ఇంక చెప్పేదేం లేదు.

అసలు కథ బుధవారానిది. మా ఊరికి జోస్యాలు రెండు. తెలుగు టీవీ పెడితే విశాఖవాళ్ళు శ్రీకాకుళం జిల్లాకి చెప్పేది వినబడుతుంది, ఫోను తెరిస్తే భువనేశ్వర్ వాళ్ళు గజపతి జిల్లాకి ఒడియాలో చెప్పేది కనబడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులోకి పోయింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్రావైపు ఉండిపోయింది. మేఘాల పంపకం కూడా ఆ రోజే తేల్చేసి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. బుధవారం ఒకరు పసుపు హెచ్చరిక ఇచ్చారు, ఇంకొకరు నారింజ ఇచ్చారు. మా వీధి పెళ్ళివారు పసుపు శుభప్రదం కదాని షామియానా వేయించేశారు.

వాళ్ళని తప్పు పట్టలేం. ఉగాదినాడు గుళ్ళో పంచాంగం విన్నవాళ్ళే అందరూ. మేఘాధిపతి ఎవరన్నది సూర్యుడు ఆర్ద్రలో అడుగుపెట్టిన వారాన్ని బట్టి తేలుతుంది, ఆ ప్రవేశం జూన్‌లో గాని రాదు. అంటే చైత్రంలో వచ్చే మబ్బు, అధిపతి కుర్చీ ఎక్కకముందే ఎవరి అనుమతీ లేకుండా వచ్చేసిన మబ్బు. శాస్త్రరీత్యా దాన్ని వెనక్కి పంపాలి.

పంపేలోపే అది వచ్చేసింది. నాలుగింటికి వాయవ్యాన ఆకాశం నల్లబడింది. ఎదురింటి అప్ప డాబా మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు ఎండబెట్టింది. ఆవిడ మెట్లెక్కేసరికే గాలి చీర కిందికి దూరింది. రెండు కొసలు ఆవిడ చేతికి చిక్కాయి, తక్కినవి చిక్కలేదు. వడియాలన్నీ లేచి పక్కవాళ్ళ రేకుల మీద టకటకమని పడ్డాయి. వెనకే రేగిపళ్ళంత వడగళ్ళు. కాసేపటికి ఏది వడియమో ఏది వడగల్లో తెలియలేదు. "ఓలమ్మో, ఇది ఒరిస్సా వాన బాబూ! మన వానైతే కబురెట్టి వస్తాది" అంది అప్ప, పిట్టగోడ పట్టుకుని.

ఇది అన్యాయమైన ఆరోపణ. ఇటువైపు దీన్ని కాలబైశాఖి అంటారు. బంగాళాఖాతం నుంచి తేమగాలి వస్తుంది, ఛోటానాగపూర్ పీఠభూమి వైపు నుంచి వేడి పొడిగాలి వస్తుంది, నేల కాగి తేమంతా పైకెగసి మధ్యాహ్నం దాటాక మబ్బు కడుతుంది. ముడిసరుకు సముద్రానిది, తయారీ కొండల మీద, డెలివరీ మా డాబా మీద. ఒక్క రాష్ట్రాన్ని ఆడిపోసుకోవడం భావ్యం కాదు.

అరగంటలో వాన వెలిసింది, షామియానా మురిక్కాలవలో తేలింది. ఇక్కడే జనం అజ్ఞానం బయటపడింది. వాతావరణ శాఖ వాన లెక్క పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. బుధవారం సాయంత్రం పడ్డ చుక్క గురువారం తేదీ కింద పడుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల లోపైతే దాన్ని వాన పడ్డ రోజని కూడా అనరు. అంచేత షామియానా ఆయన నష్టపరిహారం అడిగితే పెళ్ళికొడుకు మేనమామ, చదువుకున్న మనిషి, "బుధవారం వాన పడలేదే!" అన్నాడు. ఎండ పేలిపోతున్న గురువారంనాడు మాత్రం వాన పడింది. దానికి రుజువుంది.

శుక్రవారం ఉరుములు, మెరుపులు, కరెంటు లేదు. పిడుగుపాటుని ఒడిశా 2015లోనే రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది కాబట్టి, పరిహారం సంగతి చూసుకుని, మహేంద్రతనయ ఏటికి ఏ గట్టున నిలబడాలో పౌరులే ముందుగా ఆలోచించుకోవడం మంచిది.

శనివారం మా మావయ్య జీడితోటకి వెళ్ళాను. ఆలస్యంగా వచ్చిన పూతా, పిందే చెట్ల కింద పరుపు పరిచినట్టున్నాయి. పంట 33 శాతమో అంతకు మించో పోతే గాని సర్కారు సాయానికి లెక్కలోకి రాదు. ఇంకా కాయ కానిదాంట్లో 33 శాతమంటే ఎంతో మావయ్యకి అంతుపట్టలేదు. సర్వేకి ఎవరైనా వచ్చేసరికి రాలిందంతా గాలికి పోతుందని, చీపురు పట్టి ఊడ్చి గోనెసంచికెత్తుతున్నాడు, సాక్ష్యానికి.

"ఏ రోజుదని రాయమంటావురా?" అని అడిగాడు, సంచి మూతి కడుతూ.

గురువారం అని రాయమన్నాను.