రెండో కారు పాతదే కావాలి

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి ఆఫీసుకీ, గుడికీ, ఎయిర్‌పోర్టుకీ. దాని హుడ్ ఒక్కసారే ఎత్తాను. పెద్ద ప్లాస్టిక్ మూత కనిపించింది, దించేశాను. రెండోది 1997 మోడల్ జపాన్ సెడాన్. ఇండియా తిరిగి వెళ్ళిపోతున్న కుర్రాడి దగ్గర 1,200 డాలర్లకి తీసుకున్నాను. మనలో చాలామంది అమెరికా వచ్చాక మొదట కొన్నది ఇలాంటి కారే. కాస్త నిలదొక్కుకోగానే వదిలించుకున్నాం. నా మాట వింటే అలాంటిదొకటి మళ్ళీ కొనండి.

డబ్బు మిగులుతుందని మాత్రం కాదు. మా ఆవిడకి నేను చెప్పిన అబద్ధం అదే. పానాల సెట్టు, జాకీ, స్టాండ్లు, ఇన్సూరెన్సు కలిపితే కారు ధర ఎప్పుడో దాటిపోయింది. ఆవిడ దగ్గర లెక్కంతా ఉంది.

మొదటి వేసవిలోనే అది పేచీ పెట్టింది. పొద్దున బాగానే స్టార్టయ్యేది. మధ్యాహ్నం ఎండలో గంటసేపు నిలిపితే ఇంజన్ తిరిగేది గానీ అందుకునేది కాదు. సాయంత్రం చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టు! తాళం తిప్పగానే వెనక పెట్రోల్ పంపు రెండు సెకన్లు సన్నగా మూలగాలి. మొరాయించినప్పుడు ఆ మూలుగు లేదని కనిపెట్టడానికే రెండు వారాలు పట్టింది. పంపుకి కరెంటు పంపే స్విచ్చు లాంటి రిలే డాష్‌బోర్డు కింద ఉంటుంది. విప్పి భూతద్దంతో చూస్తే ఒక టంకం చుట్టూ వెంట్రుకంత పగులు. వేడెక్కినప్పుడల్లా అక్కడ కనెక్షన్ తెగుతోంది. మళ్ళీ టంకం పెట్టాను. ఖర్చు దాదాపు సున్నా. ఆ రోజు నాకున్నంత గర్వం ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా లేదు.

అదే ఆఫీసు కారైతే మొదటిరోజే టో చేయించేవాణ్ణి. రేపు పొద్దున దీంతో పనిలేదన్న ధీమా ఉంది కాబట్టే మూడు వారాలు ఆలోచించగలిగాను. మా నాన్న ఆదివారాలు స్కూటర్ ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దేవాడు. స్టార్టవకపోతే బండిని పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి కిక్కు కొట్టేవాడు. నాకు అదంతా వినోదంగా ఉండేది. ఆయనకి టెన్షన్. సోమవారం వెళ్ళడానికి ఉన్నది ఆ బండి ఒక్కటే.

కొనేవాళ్ళు 1996 మోడల్ గానీ ఆ తర్వాతది గానీ చూసుకోండి. అప్పట్నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి పెట్రోల్ కారుకీ డాష్‌బోర్డు కింద ఒకే రకం సాకెట్ ఉంటుంది. చవక స్కానర్ తగిలిస్తే కోడ్ చెబుతుంది. పి0301 అంటే మొదటి సిలిండర్ సరిగా మండట్లేదని. ఎందుకు మండట్లేదో చెప్పదు, అది మన పని. మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రమైతే కిందికి వంగి తుప్పు చూడండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు.

మా అమ్మాయి టార్చి పట్టుకుంటుంది. 'బిగించు', 'వదులు చెయ్యి', 'కారుతోంది', 'అరిగిపోయింది' లాంటి మాటలు దానికి ఆదివారం తెలుగు క్లాసులో రాలేదు, కారు దగ్గరే వచ్చాయి. 'జారిపోయింది' కూడా. ఇంజన్ సందులోకి నట్టు జారినప్పుడు నేనన్న ఇంకో మాట కూడా పట్టేసింది, అది వాళ్ళమ్మకి తెలియదు.

ఇప్పుడు ఇంజన్ పైమూత, అదే వాల్వ్ కవర్, దగ్గర నూనె చెమ్మగిల్లుతోంది. ఆ మూత కింద నూనె కారకుండా వేసే గాస్కెట్ కొత్తది నెలరోజులుగా షెల్ఫులో ఉంది. తొందరేం లేదు.